ఉడికిన సీరం

సెప్టెంబరు 4, సోమవారం

ఈ ఉదయం ఒక కొత్త వాలంటీరు గొట్టంలో సీరం తెల్లబడి కనిపించింది. గుడ్డు తెల్లసొన పెనం మీద పడ్డ మొదటి క్షణంలో ఉండే రంగు. రక్తం నుంచి వేరుచేసిన సీరం ఎప్పుడూ పలచటి తేనెలా ఉంటుంది, గొట్టం వంచితే జారుతుంది. ఇది జారలేదు.

వాటర్ బాత్ తెర మీద యాభై ఆరు అని ఉంది. యాభై ఆరు డిగ్రీల నీళ్ళలో సీరం గడ్డకట్టదు. రోజూ అరగంట అందులోనే ఉంచుతాం. పరీక్షకు ముందు చేయవలసిన మొదటి పని అదే.

సొరుగంతా వెతికి పాత గాజు థర్మామీటరు తీసి ముంచాను. అరవై నాలుగు. తుడిచి మళ్ళీ ముంచాను. అరవై నాలుగే. వేడిని కొలిచే తీగకు క్లిప్పు ఊడిపోయింది. నీళ్ళలో మునిగి ఉండాల్సిన దాని కొస తొట్టి అంచున గాల్లో వేలాడుతోంది. గాలిని కొలిచి యాభై ఆరని చెబుతోంది. దాని మాట నమ్మి హీటరు నీళ్ళను ఇంకా కాస్తోంది.

ల్యాబు గది మార్చినప్పుడు ఊడి ఉంటుంది. కొత్త వైద్యం ట్రయల్‌కు ఇదివరకే తీసుకున్న ఎనిమిది మంది వాలంటీర్ల రక్తమూ గది మారాకే పరీక్షించాం. అంత వేడికి యాంటీబాడీలు చచ్చిపోతాయి. చచ్చినవి పరీక్షలో కనబడవు. ఎనిమిది మందికీ 'శుభ్రం' అని రాశాం.

తమ్ముడికి కూడా.

మా ల్యాబు పెద్దసారుతో అన్నది: "సార్, ఒక్క నిమిషం."
అనాల్సింది: మిగిలినదంతా.

ఆయన ఫోనులో ఉన్నాడు. చెయ్యి ఊపి నవ్వాడు.

సెప్టెంబరు 5, మంగళవారం

తమ్ముడు చేతికర్రకు సైకిల్ గంట బిగించుకున్నాడు. సైకిల్ ఇంకా లేదు, గంట మాత్రం కొన్నాడు. మంచినీళ్ళు కావాలంటే ట్రింగ్. టీవీ గొంతు తగ్గించాలంటే ట్రింగ్ ట్రింగ్. పుట్టాక ఒక్కసారి కూడా సైకిలెక్కని మనిషి. హీమోఫీలియా ఉన్నవాళ్ళు కింద పడకూడదు, సైకిల్ నేర్చుకోవాలంటే పడాలి.

అమ్మకు వైద్యం ఎలా పనిచేస్తుందో తనే వివరించాడు. నేను బట్టలు మడతపెడుతూ విన్నాను.

"నా ఒంట్లో ఒక సామాను లేదమ్మా. రక్తం గడ్డకట్టే సామాను. దాన్ని ఒక బండిలో పెట్టి పంపిస్తారు. బండి అంటే వైరస్. భయపడకు, దాని పళ్ళు ముందే పీకేశారు. లివరు దాకా వెళ్ళి సామాను దింపుతుంది, అంతే."

"మరి ఆ రక్తపరీక్ష ఎందుకురా?"

"గేటు దగ్గర కాపలావాళ్ళు ఉంటారు కదా. యాంటీబాడీలు. వాళ్ళు ఇలాంటి బండిని ఇంతకుముందు చూసి ఉన్నారనుకో, గేటు దగ్గరే చితక్కొడతారు. నా కాపలావాళ్ళు చూడలేదట. అమాయకులు. అక్కే పరీక్ష చేసింది."

"ఈసారి కుదరకపోతే మళ్ళీ వేస్తారా?"

"మళ్ళీ లేదమ్మా. ఒకసారి సూది పడితే కాపలావాళ్ళకు ఆ బండీ తెలిసిపోతుంది, దాని చుట్టాలూ పక్కాలూ తెలిసిపోతాయి. ఇక జన్మలో దేన్నీ రానివ్వరు. ఒకటే ఛాన్సు. కదక్కా?"

"అవును," అన్నాను. మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టాను.

సూది పందొమ్మిదిన.

సెప్టెంబరు 6, బుధవారం

ల్యాబు మీటింగు. ఈసారి చెప్పాను. గొంతు ఎలా వచ్చిందో తెలియదు కానీ వచ్చింది. తీగ ఊడిందన్నాను, అరవై నాలుగన్నాను, ఒక గొట్టం గడ్డకట్టిందన్నాను.

పెద్దసారు చివరిదాకా విన్నాడు. ఆయన వినే పద్ధతి చూస్తే ఎవరికైనా తామే తప్పేమో అనిపిస్తుంది.

"గడ్డకట్టింది ఒక్కటేగా?"

"అవును సార్. హీటరు పక్క వరసలోది."

"అది పారేసి ఆ మనిషి రక్తం ఇంకోసారి తీసుకోండి. మిగతావాటిలో పాజిటివ్ కంట్రోల్ పాసయిందా, లేదా?"

"పాసయింది సార్."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"మరింకేంటమ్మాయ్!"

గదంతా ఊపిరి వదిలింది. ఎవరో కుర్చీ జరిపారు. నేను కూర్చున్నాను.

కంట్రోల్ అంటే యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నాయని మాకు ముందే తెలిసిన సీరం. ప్రతి పరీక్షలోనూ పక్కన పెడతాం. అందులో యాంటీబాడీలు కనబడితే పరీక్ష సవ్యంగా నడిచినట్టు లెక్క. కానీ దాన్ని ఎప్పుడో, పాత గదిలో, పాత వాటర్ బాత్‌లో ఒకేసారి వేడిచేసి చిన్న చిన్న గొట్టాల్లో పోసి ఫ్రీజరులో పెట్టుకున్నాం. రోజూ ఒకటి తీసి కరిగించి వాడతాం. అది ఈ నీళ్ళలోకి దిగనే లేదు. దిగనిది ఉడకలేదు. పొయ్యి మీద పెట్టని పాలు పొంగలేదని పొయ్యిని మెచ్చుకుంటున్నారు!

ఇది నాకు మెట్లు దిగుతుంటే తట్టింది. అబద్ధం. గదిలోనే తట్టింది. మా కాన్వెంటు స్కూల్లో మదర్ గదిలోకి వస్తే అందరం పెదవి మీద వేలు పెట్టుకునేవాళ్ళం. ఎవరూ వేలు తియ్యమని చెప్పకపోతే పీరియడంతా అలాగే కూర్చునేదాన్ని. నాకు ఆ సంవత్సరం గుడ్ కాండక్ట్ బహుమతి ఇచ్చారు.

ఆ బహుమతి ఎక్కడుందో వెతికి చెత్తబుట్టలో వెయ్యాలి.

సెప్టెంబరు 7, గురువారం

పక్క బల్ల సీనియర్‌ను అందరూ గొణుగుడు అంటారు. ఈ పరీక్షను మా ల్యాబులో మొదలుపెట్టింది ఆయనే. ఎదురుగా ఎవరూ లేకపోయినా చుక్కలు కొలిచే పిపెట్‌తో గొడవ పడుతుంటాడు. కంట్రోల్ సంగతి ఆయనకు చెప్పాను.

"తెలుసు," అన్నాడు తల ఎత్తకుండా.

"మీటింగులో తెలుసా?"

"నువ్వు నోరు తెరిచినప్పుడే తెలుసు. ఆ సీరం వేడిచేసి గొట్టాల్లో పోసింది నేనే కదా తల్లీ."

"మరి చెప్పలేదేం?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

పిపెట్ మొన ఊడదీసి డబ్బాలో పడేశాడు. "చూడు. నీకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరికి తెలిసిందంటే ఎవరికీ తెలియనట్టే. నువ్వు నన్ను చూస్తావు, నేను నిన్ను చూస్తాను. పెళ్ళిచూపుల్లాగా. ఈలోగా పందొమ్మిదో తారీఖు వచ్చేస్తుంది."

నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా కోపమొచ్చింది.

సెప్టెంబరు 8, శుక్రవారం

ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 9, శనివారం

తమ్ముడి మోకాలు వాచింది. పడలేదు, తగల్లేదు, మంచం మీద నుంచి లేచాడంతే. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ వేశాను. వాడి చేతి నరాలు నాకు ఇంటికి దారి తెలిసినంత తెలుసు. అమ్మ ఐసు తువ్వాల్లో చుట్టి తెచ్చింది. తువ్వాలు మారుస్తుంటే పళ్ళు బిగించి గంట మోగించాడు. నొప్పికో గంట.

"ఇంకో పది రోజులేగా," అంది అమ్మ.

"పందొమ్మిది తర్వాత ఈ మోకాలిని మ్యూజియానికి ఇచ్చేద్దామమ్మా," అన్నాడు. నా వైపు తిరిగి, "అక్కా, నా రిపోర్టు శుభ్రమే కదా? మొహం అలా పెట్టావేం?"

"శుభ్రమే."

"నా పక్కన పడుకుని పెరిగిన మొహం. నీకు అబద్ధం రాదు. ఇంకోసారి చెప్పు."

"శుభ్రమే రా."

"ఆ. ఇప్పుడు బాగుంది."

చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకే దుప్పటి, దగ్గుమందుకు ఒకే చెంచా. నేను ముందు తాగి బాగుందంటే వాడు తాగేవాడు. బాగుండేది కాదు.

సెప్టెంబరు 11, సోమవారం

క్లిప్పు కొత్తది బిగించాను. తీగను నీళ్ళలో ముంచాను. గాజు థర్మామీటరు పక్కనే నిలబెట్టాను. యాభై ఆరు. తెర మీదా యాభై ఆరు.

వాలంటీర్ల రక్తంలో వేడిచెయ్యని సీరం ఇంకా కొంత ఫ్రీజరులో మిగిలి ఉంది. ఎవరి అనుమతీ అడగలేదు. వరసగా తీసి కరిగించి, నీళ్ళలో పెట్టి, అరగంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత మెరిసే జన్యువు మోసే వైరస్‌తో కలిపి కణాల మీద పోశాను. వైరస్ లోపలికి పోతే కణం ఆకుపచ్చగా మెరుస్తుంది. యాంటీబాడీలు దాన్ని చితక్కొడితే చీకటి.

ఏడో నంబరు తప్ప అన్నీ చేశాను. ఏడో గొట్టంలో సీరం తక్కువగా ఉంది. వృథా చెయ్యడం ఎందుకని ఉంచాను.

సెప్టెంబరు 13, బుధవారం

మూడు, చీకటి. ఐదు, చీకటి. మిగతావి మెరిశాయి.

మూడో నంబరు, ఐదో నంబరు ఎవరో నాకు తెలియదు. వాళ్ళకూ అమ్మలు ఉంటారు. వాళ్ళ అమ్మలూ తేదీ లెక్కపెడుతూ ఉంటారు. వాళ్ళకు సూది వేస్తే బండి గేటు దగ్గర చితికిపోతుంది, గేటు జన్మంతా మూసుకుంటుంది. ఒక ఊడిన క్లిప్పు వల్ల. ఊడిన క్లిప్పు వల్ల కాదు. ఊడిందని తెలిసీ మరింకేంటన్న ఒక మనిషి వల్ల.

ఏడు ఇంకా చెయ్యలేదు. సీరం తక్కువ.

సెప్టెంబరు 14, గురువారం

ఫలితాలు పెద్దసారు బల్ల మీద పెట్టాను, కంట్రోల్ ఆ నీళ్ళలోకి దిగనే లేదని పైన రాసి. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఎవరు చెయ్యమన్నారమ్మాయ్?"

"ఎవరూ చెయ్యమన్లేదు సార్."

"అనుమతి లేకుండా చేసింది పరీక్ష కాదు, ఆట. ఆటలో గెలుపూ ఓటమీ ఉండవు." కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దాడు. "మొదటి సూది తేదీ మారిందంటే ఈ ట్రయల్ ఇంకో చోటికి పోతుంది. వాళ్ళు మనకంటే జాగ్రత్తగా చేస్తారనుకుంటున్నావా? మూడు, ఐదు నేను చూసుకుంటాలే. అయినా ఒకటి అడుగుతాను. ఏడు ఏది?"

నేను బల్ల మీది కాగితాలు చూశాను.

"మీ తమ్ముడు కదూ ఏడు?"

తల ఊపాను.

"చెయ్యలేదా? మంచిపని చేశావు." నవ్వాడు. ఈసారి నిజంగానే, ప్రేమగా. "ఇంట్లో మనిషి. నాకర్థమవుతుంది. వాడికి సూది పడితే మొదట సంతోషించేది నేనే. వెళ్ళు, పని చూసుకో."

బాత్రూములోకి వెళ్ళి గోడను కొట్టాను. పలకలు చల్లగా ఉన్నాయి. చెయ్యి నొప్పి పుట్టింది, గోడకు ఏమీ కాలేదు.

నా పిరికితనాన్ని నాకంటే ముందు ఆయన చూశాడు. చూసి ఊరుకున్నా బాగుండేది. మెచ్చుకున్నాడు. నన్ను తనలో కలిపేసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఇదే మొదటిసారి.

ఏడో గొట్టం తీసి వెలుతురుకు పట్టి చూశాను. సీరం నిండుగా ఉంది.

సెప్టెంబరు 15, శుక్రవారం

పెట్టాను.

సెప్టెంబరు 17, ఆదివారం

చీకటి.

మూడు కంటే, ఐదు కంటే చీకటి. కంట్రోల్ పక్కన పెట్టి చూస్తే ఏది ఏదో చెప్పలేనంత. కణాలున్న పళ్ళేన్ని తిప్పి మళ్ళీ చూశాను. వరస తప్పానేమోనని అంచు మీది అక్షరాలు వేలితో తడుముతూ లెక్కపెట్టాను. తప్పలేదు. నేను వరస తప్పను. ఆ ఒక్క పనీ నాకు బాగా వచ్చు.

ఆదివారం కాబట్టి ల్యాబులో ఎవరూ లేరు. గట్టిగా ఒక తిట్టు తిట్టాను. పైకి తిట్టడం ఇదే మొదటిసారి. కాన్వెంటులో వెనక బెంచీవాళ్ళ దగ్గర విన్నది, ఇన్నేళ్ళు లోపలే దాచుకున్నాను. అది సరిగ్గా పలకలేదు కూడా.

ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు సైకిళ్ళ బొమ్మలు చూపించాడు. ఎరుపా, నలుపా అని అడిగాడు. నలుపు అన్నాను.

సెప్టెంబరు 18, సోమవారం

పొద్దున్నే వార్డుకు వెళ్ళాను. రేపు సూదులు వెయ్యాల్సిన డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. నేను ఎవరో చెప్పుకున్నాను. వాటర్ బాత్ సంగతి చెప్పాను.

"కంట్రోల్ ప్రతిసారీ పాసయిందని రాసి పంపారే?"

"కంట్రోల్ ఆ నీళ్ళలోకి దిగనే లేదు మేడమ్."

ఆమె కుళాయి కట్టేసింది. "మళ్ళీ చెప్పు. మెల్లగా."

మళ్ళీ చెప్పాను. మెల్లగా కాదు. ఒక్క ఊపులో, ఆపకుండా, తీగ, గాలి, నీళ్ళు, పాత గది, ఫ్రీజరు, మూడు, ఐదు, ఏడు. నర్సులు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

"మీ సారుకు తెలుసా?"

"ఏడో నంబరు ఒక్కటి తప్ప అంతా తెలుసు. ఏడు గురించి ఆయనకు చెప్పాలని నాకు అనిపించలేదు."

"ఏడో నంబరు ఎవరు?"

"మా తమ్ముడు."

ఆమె తడి చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. తువ్వాలు అందించాను. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"ఇంట్లో చెప్పావా?"

"ముందు మీకు చెప్పాను. ఇంట్లో ముందు చెబితే మీ దాకా రాలేనేమోనని."

ఆమె ఫోను తీసింది. నన్ను మెచ్చుకోలేదు. అందుకు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

సెప్టెంబరు 19, మంగళవారం

ఎవరికీ సూది వెయ్యలేదు. అందరి రక్తం మళ్ళీ తీసి, ఇంకో ల్యాబులో చూస్తారట. ఏడుకు అక్కడా చీకటే వస్తుంది.

తమ్ముడికి నిన్న సాయంత్రమే చెప్పాను. రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు రాస్తాను.

"నువ్వే చేశావా?" అన్నాడు.

"నేనే."

"చెయ్యకపోతే?"

"బండి గేటు దగ్గరే చితికిపోయేది."

"చితికితే చితికేది. నా గేటు, నా ఇష్టం."

"తర్వాత ఇంకే బండీ రాదు రా. ఇప్పుడు ఆగితే ఇంకో రకం ఎప్పుడో..."

"ఎప్పుడో! ఎప్పుడో అంటే ఏ వారమక్కా? అందరి అక్కలూ తమ్ముళ్ళను వరసలో ముందుకు తోస్తారు. మా అక్క వరసలో నిలబడ్డవాణ్ణి చెవి పట్టుకుని బయటికి లాగింది. పోనీ, ఆ ముక్క నాకు ముందు చెప్పావా? శుభ్రమే రా అన్నావు. రెండుసార్లు అన్నావు."

"అప్పటికి నాకు తెలియదు."

"అనుమానం కూడా లేదా?"

నాకు పట్టరాని కోపం వచ్చింది. వాడి మీద. పెద్దసారు మీద రావాల్సిందంతా వాడి మీద వచ్చింది. "నీ కోసం ఉద్యోగం పోగొట్టుకునే పని చేశాను, కృతజ్ఞత లేదు," అన్నాను. ఆ మాట నా నోట్లో పెద్దసారు గొంతులా వినిపించింది.

వాడు కర్రకున్న గంట స్క్రూ విప్పదీసి బల్ల మీద పెట్టాడు. విసిరేస్తే బాగుండేది. జాగ్రత్తగా పెట్టాడు.

అమ్మ ఐసు ట్రేలో నీళ్ళు పోస్తూ అంది: "తెలియకుండా ఉంటేనే బాగుండేదేమోనే." కాసేపయ్యాక మళ్ళీ తనే, "ఊరికే అన్నాలే," అంది. ట్రే ఫ్రీజరులో పెట్టింది. ఈ ఇంట్లో ఐసు ఇంకా అవసరం.

సెప్టెంబరు 21, గురువారం

ఉద్యోగం పోలేదు. అంతకంటే ఘోరం జరిగింది. మీటింగులో పెద్దసారు నిలబడి, "మన ల్యాబు అప్రమత్తత వల్ల ఒక పెద్ద పొరపాటు సకాలంలో బయటపడింది," అన్నాడు. మన ల్యాబు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక మీద కంట్రోల్‌ను కూడా ప్రతిసారీ నమూనాలతో పాటే వేడిచెయ్యాలని కొత్త నియమం పెట్టాడు, తనే కనిపెట్టినట్టు. నా వైపు చూసి నవ్వాడు.

అన్నది: "నాలుగో తారీఖునే చెప్పబోయాను సార్. ఆరున చెప్పాను. పద్నాలుగున మూడు, ఐదు మీ బల్ల మీద పెట్టాను. ఏడు చెయ్యనందుకు మంచిపని చేశావన్నారు."
అనాల్సింది: అదే.

చప్పట్లు ఆగిపోయాయి. పెద్దసారు నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దించడానికి చోటు దొరకనట్టు. గొణుగుడు గొంతు సవరించుకుని, "ఆ అమ్మాయి చెప్పింది నిజం. నాకూ తెలుసు," అన్నాడు. గొణగలేదు.

ఏమవుతుందో తెలియదు. ఇంకా కోపంగానే ఉంది. అంతా చెప్పేస్తే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

సెప్టెంబరు 24, ఆదివారం

తమ్ముడు మాట్లాడాడు. మోకాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. నేను తువ్వాలు మారుస్తున్నాను. గంట మళ్ళీ కర్రకు ఎక్కింది, కొంచెం వంకరగా.

"మూడూ ఐదూ ఏమయ్యారు?"

"వాళ్ళనూ ఆపేశారు."

"వాళ్ళకూ మనలాగే ఏడుపేనా?"

"అయి ఉంటుంది."

"సరే. నేనొక్కణ్ణే అయితే కుళ్ళుకుని చచ్చేవాణ్ణి." దిండు సర్దుకున్నాడు. "అక్కా, నా కాపలావాళ్ళు ఆ బండిని ఎక్కడ చూశారంటావు? నేను ఈ ఇల్లు దాటి ఎక్కడికెళ్ళాను కనక?"

"అది జలుబులా వచ్చి పోతుంది రా. వచ్చినట్టు కూడా తెలియదు."

"ఎవరో ఒకరు అంటించాలిగా?"

"ఎవరికి తెలుసు."

"దొరికితే కర్రతో నాలుగు తగిలిద్దును," అని గంట కొట్టాడు. అమ్మ వంటింట్లోంచి "ఏం కావాలి?" అని అరిచింది. "ఏం వద్దు," అన్నాడు.

తువ్వాలు పిండి ఆరేసి వచ్చి ఇది రాస్తున్నాను.

మా కంట్రోల్ సీరం గొట్టాల మీద 'పి' అన్న అక్షరం, ఒక తేదీ తప్ప ఏమీ ఉండవు. నేను ల్యాబులో చేరిన కొత్తలో, కంట్రోల్ కోసం అందరి రక్తం తీసి పరీక్షించారు. ఒక్కరిది మాత్రం ఎంత పలచన చేసినా చీకటిగానే వచ్చింది. ఇన్నాళ్ళూ వాడుతున్నది దాన్నే.

అది నా రక్తం.